పనసచెట్టు కాడ ఎలుగు

నిన్న రైతుబజారులో పనసపండు కోస్తుంటే చూశాను. ఆ వాసనకు అందరికీ నోరూరుతుంది, నాకు ఒళ్ళు మండుతుంది.

అరకు కొండల్లో నేను ఐదో తరగతి చదువుతుండగా, కథలు రాయడం నేర్పిస్తానని పట్నం నుంచి ఒక మేడమ్ వచ్చింది. మమ్మల్ని అడవి అంచున కూర్చోబెట్టి, "మాట్లాడకుండా వినండి. విన్నది రాయండి" అంది.

అది నాకు కొత్త కాదు. విస్తళ్ళకు అడ్డాకులు కోయడానికి వెళ్ళినప్పుడు మా అవ్వ కూడా అక్కడే అందరినీ ఆపేది. ఎవరికేం వినబడిందో చెప్పాకే, ముందుకు వెళ్ళాలో వెనక్కి తిరగాలో తేల్చేది. మేడమ్ అడిగిందీ అందుకేననుకున్నాను.

ఉన్నట్టుండి పిట్టలు అరవడం మానేశాయి. పనసచెట్టు వైపు ఏదో చీల్చుతున్న చప్పుడు. గబగబా రాసిచ్చాను: "పనసచెట్టు కాడ ఎలుగుంది. బేగి ఎలిపోదాం."

మేడమ్ అది పైకి చదివి పగలబడి నవ్వింది. ఆవిడ నవ్విందని పిల్లలంతా నవ్వారు.

"విన్నది రాయమంటే కట్టుకథ రాస్తావా?"

"నాను ఇన్నదే రాసినాను మేడమ్."

నా కాగితం చింపేసింది. 'సెలయేరు పాట పాడుతోంది' అని రాసినవాడికి పెన్ను బహుమతిచ్చింది. అక్కడ సెలయేరే లేదు.

మర్నాడు అవ్వను తీసుకెళ్ళాను. చెట్టు కింద చీల్చేసిన పనసతొక్కలు, మట్టిలో ఎలుగుబంటి అడుగులు.

"అంతమంది నవ్వితే ఏ ఎలుగు ఆగుతాదే? బెదిరి ఎల్లిపోనాది" అంది అవ్వ.

అంటే ఆ రోజు మమ్మల్ని కాపాడింది మేడమ్ వెక్కిరింతే. ఆ సంగతి ఒప్పుకోవడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది. ఒప్పుకున్నాక మంట ఇంకా ఎక్కువైంది.