పన్నెండు ఆదివారాలు

వరసగా పన్నెండు ఆదివారాలు ఆరాధనకు రావాలి. ఒక్కటి తప్పినా మళ్ళీ ఒకటి నుంచి లెక్క. బాప్తిస్మం కావాలని అడిగిన మా నాన్నకు సంఘ పెద్ద పెట్టిన షరతు ఇది. వినడానికి ఏముంది, సులువే. ఆదివారం సెలవుండే ఆఫీసు మనిషికి ఇంకా సులువు. కోక్ ఓవెన్ల దగ్గర షిఫ్టు డ్యూటీ చేసేవాడికి మాత్రం కాదు. భిలాయి ఉక్కు ప్లాంటులో ఈ బొగ్గు భట్టీ ఒకసారి రాజేశాక దాన్ని చల్లారనివ్వరు. నిప్పుకి ఆదివారమేమిటి, సోమవారమేమిటి?

నాన్నకు వారపు సెలవు గురువారం. ఒక వారం ఫస్ట్ షిఫ్టు, పొద్దున్న ఆరు నుంచి మధ్యాహ్నం రెండు దాకా. మరో వారం సెకండ్ షిఫ్టు, రెండు నుంచి రాత్రి పది దాకా. ఆ పై వారం నైట్. ఆరాధనేమో ఆదివారం ఉదయం తొమ్మిదింటికి. అంటే మూడు వారాలకోసారి ఆయన చర్చికి రావడం జరిగే పని కాదు. ఈపాటి లెక్క పదేళ్ళ పిల్లను, నాకే తెలిసింది. సంఘ పెద్దకు తెలియలేదంటే నేను నమ్మను. అప్పుడూ నమ్మలేదు, ఇప్పుడూ నమ్మను.

మా నాన్న వాళ్ళది విజయనగరం వైపు రైల్వే కుటుంబం, హిందువులు. అమ్మ పుట్టుకతోనే క్రైస్తవురాలు. ఆమె తండ్రిదీ రైల్వే ఉద్యోగమే. రెండు ఇళ్ళకూ క్వార్టర్ల మధ్య ఒకటే కుళాయి. ఆ కుళాయి దగ్గరే వాళ్ళ పెళ్ళి కుదిరిందని మా మేనత్త ఆటపట్టించేది. ప్లాంటు కడుతున్న రోజుల్లో భిలాయి వచ్చి క్యాంప్ వన్ అనే కార్మికుల పేటలో కాపురం పెట్టారు. ఆదివారం అమ్మ నన్ను తీసుకుని చర్చికి వెళ్ళేది, నాన్న వెళ్ళేవాడు కాదు. ఆమెను వద్దన్నదీ లేదు.

మా మెథడిస్టు చర్చి ఎంత? ఒక్క గది, పైన రేకులు, ముందు సిమెంటు వరండా. సగం పాటలు హిందీలో, సగం తెలుగులో. కింద చాపలు, గోడవారగా పెద్దవాళ్ళకు రెండు బల్లలు.

నా తర్వాత పుట్టిన తమ్ముడు మూడో నెలలో జ్వరంతో పోయాడు. ఆ రోజు నాన్నకు ఈ ఊళ్ళో నా అన్నవాళ్ళు లేరు. వచ్చినవాళ్ళంతా చర్చివాళ్ళే. గొయ్యి తవ్వింది వాళ్ళు, మూడు రోజులు మా ఇంటికి అన్నం తెచ్చింది వాళ్ళు. ఆ చిన్న పెట్టెను క్యాంపు నుంచి సమాధుల దాకా చేతులమీద మోసుకెళ్ళినవాడు, తర్వాత షరతు పెట్టిన ఈ సంఘ పెద్దే. ఆ మాట దాచను. దాస్తే నాకు కళ్ళు పోతాయి.

అప్పట్నుంచి నాన్న చర్చికి రావడం మొదలుపెట్టాడు. నెలకోసారి రాయపూర్ నుంచి పాస్టరు అయ్యగారు వచ్చి ప్రభు భోజనం ఇచ్చేవారు. అందరూ ముందుకెళ్ళి, భార్యాభర్తలు పక్కపక్కన మోకాళ్ళు వేసి రొట్టె తీసుకునేవాళ్ళు. బాప్తిస్మం లేనివాళ్ళకు అది లేదు కాబట్టి నాన్న లేచి బయటికి వెళ్ళిపోయేవాడు. అమ్మ ఒక్కతే మోకాళ్ళు వేసేది. ఒకనాడు ఇంటికొస్తూ దారిలో నాన్న అన్నాడు: "నీ పక్కన నాను కూడా మోకాళ్ళెయ్యాలే. బిడ్డ పోయిన్నాటి నుంచీ అదే అనిపిస్తోంది."

ఆయన అడిగింది ఇంతే. దీనికి పన్నెండు ఆదివారాలు.

సరే, నాన్న పంతం పట్టాడు. కూడా పనిచేసే ఛత్తీస్‌గఢీ ఆయన ఒకడుండేవాడు. "జా భయ్యా, తేరా ఇత్వార్ మై సంభాల్ లూంగా" అని ఫస్ట్ షిఫ్టు పడిన ఆదివారాలు నాన్న బదులు తను చేసేవాడు. అందుకు బదులుగా హోలీ నాడు ఆయన డ్యూటీ నాన్న చేశాడు. వంటింటి గోడమీద నేను వారానికో బొగ్గు గీత గీసేదాన్ని. ఏడు గీతలయ్యాయి, తొమ్మిదయ్యాయి, పదయ్యాయి. అమ్మ నాన్నకు తెల్ల చొక్కా కుట్టించింది. నాకైతే కాళ్ళు నేలమీద నిలవలేదు.

పదకొండో ఆదివారానికి ముందు శనివారం నాన్నది సెకండ్ షిఫ్టు. రాత్రి పదింటికి వచ్చి నాన్నను డ్యూటీ నుంచి విడిపించాల్సిన మనిషి రాలేదు. ఫోర్‌మన్ ఆపేశాడు, నైట్ కూడా చెయ్యమన్నాడు. పదహారు గంటలు. ఆదివారం పొద్దున్నే గేటు దాటి, ఇంటికి వస్తే పక్కమీద పడిపోతానని భయపడి, సైకిలు మీద నేరుగా చర్చికే వచ్చేశాడు. కుళాయి కింద తల పెట్టి, ముందు చాప మీద కూచున్నాడు. పెద్ద ప్రార్థన మొదలైంది. అది మొదలైతే ఓ పట్టాన అయ్యేది కాదు. మధ్యలో నాన్న తల గుండెమీదికి వాలింది. గురక మొదలైంది. పిల్లలంతా కిసుక్కుమన్నారు. నేనూ నవ్వాను. ఆ నవ్వుకి ఇప్పటికీ సిగ్గుపడతాను.

ఆరాధన అయ్యాక అమ్మ వెళ్ళి సంఘ పెద్ద రాసే హాజరు రిజిస్టరులో చూస్తే నాన్న పేరుకు ఎదురుగా ఇంటూ గుర్తు.

"వచ్చినాడు కదండీ!" అంది అమ్మ.

"శరీరం వచ్చిందమ్మా, మనిషి రాలేదు" అన్నాడు సంఘ పెద్ద. "నిద్రపోయినవాడికి హాజరు ఎలా వేస్తాను?"

"ఏటండీ బాబూ, పదహారు గంటలు నిప్పుకాడ నిలబడొచ్చినాడు. ఇంటికాడ మంచం వొదిలీసి దేముడికాడ కొచ్చి పడుకున్నాడంటే ఆ మనిసికి ఎంత ప్రేముండాల?"

"రూలు రూలేనమ్మా. ఒకరికి సడలిస్తే అందరూ అడుగుతారు."

"దేముడు వొరవిచ్చినా పూజారి వొరవివ్వడని మావోలు ఊరికే అన్నేదు!"

సంఘ పెద్ద మొహం కందగడ్డ అయింది. రూలు గురించి తిట్టినా పడేవాడేమో, పూజారి అన్నందుకు మాత్రం వారం రోజులు ఉడికిపోయాడట. ఉడకనీ.

నాన్న ఇంటికి వచ్చి, తడిగుడ్డ తీసుకుని గోడమీది పది గీతలూ తుడిచేశాడు. నేను బావురుమన్నాను. "ఏడవకు, పాపా" అన్నాడు. "నానింక లెక్కెట్టుకోను. దేముడికాడికి ఎల్తాను. ఆల్లు రాసుకుంటే రాసుకుంటారు, నేకపోతే నేదు."

తన డ్యూటీ ఇంకొకరి చేత చేయించుకోవడం మానేశాడు. సెకండ్ షిఫ్టు, నైట్ షిఫ్టు వారాల్లో మామూలుగా ఉదయం ఆరాధనకే వచ్చేవాడు. ఫస్ట్ షిఫ్టు పడిన ఆదివారం మాత్రం, రెండింటికి డ్యూటీ దిగి నేరుగా చర్చికి వచ్చేవాడు. అప్పటికి తలుపుకి తాళం. తాళంచెవి సెక్టర్ సెవెన్‌లో సంఘ పెద్ద ఇంట్లో. ఒకసారి వెళ్ళి అడిగితే, ఆరాధన వేళకు తప్ప తియ్యడం కుదరదన్నాడు. ఇంకేముంది, నాన్న వరండాలో కూచున్నాడు. అమ్మా నేనూ అన్నం పట్టుకెళ్ళాం. ఆయన తిని చెయ్యి కడుక్కున్నాక అమ్మ పాట ఎత్తుకుంది. నేను వాక్యం చదివాను. నేను హిందీ బడి పిల్లను, తెలుగు అక్షరాలు అమ్మ దగ్గర నేర్చుకున్నవి, తడబడుతూనే చదివాను. నాన్న ప్రార్థన చేశాడు. ఆయనకు పెద్ద మాటలు రావు. పక్కింటాయనతో మాట్లాడినట్టు దేవుడితో మాట్లాడేవాడు.

క్యాంప్ వన్‌కి వెళ్ళే దారి చర్చి ముందు నుంచే. డ్యూటీ దిగి పోతున్నవాళ్ళు పాట విని ఆగారు. మొదట ఇద్దరు, తర్వాత వాళ్ళ భార్యలు, తర్వాత ఇంకెవరో. ఏ ఆదివారమైనా ఎవరో ఒకరికి ఫస్ట్ షిఫ్టు ఉండనే ఉంటుంది కనక వరండా ఏ వారమూ ఖాళీగా లేదు. నాన్నది ఫస్ట్ షిఫ్టు కాని వారాల్లో కూడా అమ్మా నేనూ రెండు పూటలా వెళ్ళేవాళ్ళం. వానలు తగ్గేసరికి ముప్పై మందికి పైగా అయ్యాం. ఆ ఛత్తీస్‌గఢీ ఆయన పాటల కోసం వచ్చి మెట్ల మీద కూచునేవాడు. అనుమతి లేని కూటం ఆపమని సంఘ పెద్ద కబురు పంపాడు. "తాళం గుడికేసినారు, మా నోటికెయ్యనేదని సెప్పు" అని అమ్మ తిరుగు కబురు పంపింది.

అలా ఉండగా, అయ్యగారు రావలసిన ఆదివారం ఒకటి వచ్చింది. నాన్నది ఫస్ట్ షిఫ్టు. ఆ పొద్దున్న అయ్యగారు ఎక్కిన పాసింజరు రైలు దారిలో కుమ్హారి స్టేషను దగ్గర ఆగిపోయి గంటలకొద్దీ కదల్లేదు. ఉదయం సంఘం పన్నెండు దాకా కాచుకుని, తాళం వేసుకుని వెళ్ళిపోయింది. అయ్యగారు రిక్షా దిగేసరికి మూడు దాటింది. దిగి చూస్తే మూసిన తలుపు ముందు వరండా నిండా మనుషులు, బొగ్గు మసి బట్టల్తో, పాడుతూ. ఆయన అలాగే సంచీ పట్టుకుని పాట అయ్యేదాకా నిలబడ్డారు.

"బయట కూచున్నారేమిటి?" అని అడిగారు.

అమ్మ చెప్పింది. పన్నెండు ఆదివారాలు, పదకొండోనాటి నిద్ర, తాళం, అన్నీ చెప్పింది. ఎక్కడా తగ్గలేదు, ఎక్కడా ఏడవలేదు. ఈలోగా ఎవరో సైకిలు మీద వెళ్ళి సంఘ పెద్దను తీసుకొచ్చారు.

"ఇతను ఆదివారాలు రావడం నిజమేనా?" అని ఆయన్ని అడిగారు అయ్యగారు.

సంఘ పెద్ద, "వస్తాడండి. డ్యూటీ లేకపోతే పొద్దున్న లోపలికి. ఉంటే మధ్యాహ్నం ఇక్కడికి. తప్పడం నేను చూడలేదు" అన్నాడు. అబద్ధమాడే మనిషి కాదు. "కానీ వరండాలో కూచుంటే ఆరాధన అవుతుందాండీ?"

"ఆ సంగతి తర్వాత. ముందు తాళం తియ్యండి. లోపలికి వెళ్ళి ఇతనికి బాప్తిస్మం ఇద్దాం."

అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. అప్పుడు నాన్న లేచాడు. నోట్లో నాలుక లేని మనిషని మా వీధంతా అనుకునే మా నాన్న.

"తాళం తియ్యొద్దయ్యగారూ" అన్నాడు. "ఈ గచ్చుమీద నానొచ్చిన ఆదివారాలు ఆదివారాలే అయితే, నీళ్ళు ఇక్కడే పొయ్యండి. కాదంటారా, లోపల కూడా నాకొద్దు."

ఇన్నాళ్ళు ఎదురుచూసింది చేతిదాకా వచ్చి జారిపోతుందని అమ్మ, "ఊరుకోయ్యా, తియ్యనీ" అని చొక్కా పట్టుకు లాగింది. నాన్న కదల్లేదు. చేతులు కట్టుకుని, అయ్యగారి మొహంలోకి చూస్తూ నిలబడ్డాడు. నాకు మాత్రం ఆ క్షణంలో బాప్తిస్మం లేకపోయినా పరవాలేదనిపించింది. మా నాన్న అంత ఎత్తు ఉంటాడని నాకు అంతవరకు తెలియదు.

"నీళ్ళు తెండి" అన్నారు అయ్యగారు.

ఎవరో కుళాయి దగ్గర చెంబు నింపి తెచ్చారు. పట్టుకునేవాళ్ళు కావాలంటే సంఘ పెద్ద ముందుకొచ్చి పట్టుకున్నాడు. దానికి నేనాయన్ని మెచ్చుకోను. పట్టుకోవలసిందే మరి. అయ్యగారు మూడుసార్లు నాన్న నెత్తిన నీళ్ళు పోశారు. నుదుటినుంచి బొగ్గు నీళ్ళు ధారగా చొక్కా మీదికి కారాయి. అమ్మ కొంగు తీసి తుడవబోతే, "ఉండనీయే" అన్నాడు.

తర్వాత అయ్యగారు సంచీలోంచి రొట్టె, ద్రాక్షరసం తీసి వరండాలోనే ప్రార్థన చేశారు. అమ్మ గచ్చు మీద మోకాళ్ళు వేసి, పక్కకు జరిగి చోటిచ్చింది. నాన్న ఆమె పక్కన మోకాళ్ళు వేశాడు. అయ్యగారు రొట్టె ముక్క ఆ నల్లటి అరచేతిలో పెట్టారు. అంతవరకు కన్నీటిచుక్క రాల్చని అమ్మ అప్పుడు భోరుమంది. నాన్న తల వంచుకునే, ఆమెకు మాత్రమే వినపడేలా అనుకున్నాడు గానీ వెనక కూచున్న నాకూ వినపడింది:

"ఏడవకే. నానొచ్చీసినాను కదా."