రుక్కి జాగా, పటేల్ బండ

సంజీవ పటేల్ ఎంగిలిచేత్తో కాకిని తోలగా చూసినవాళ్లు లేరు. అయినా నర్మెట్ట చుట్టుపక్కల ఆయన పేరు లేని వస్తువు దొరకడం కష్టం. బస్సు కోసం కూర్చునే సిమెంటు బల్ల వీపు మీద ఆయన పేరే. తండా బడి పళ్లేల మీద ఆయన పేరే. ఆ పేరుకు ముందు తప్పనిసరిగా 'దాత' అని ఉంటుంది.

ఆ పళ్లేలు తోమేది రుక్కి. బడిలో మధ్యాహ్న భోజనం వండడం ఆమె పని. పటేల్ తన పేరును ఎంత లోతుగా చెక్కించాడంటే, పప్పు ఆ అక్షరాల్లోకి పోయి ఎండిపోయేది. పీచుతో రుద్దితే పోదు. పుల్ల పెట్టి గీకాలి. రోజుకు నలభై పళ్లేలు, నలభై దాతలు. అట్లా గీకగా గీకగా, చదువు రాకముందే ఆ రెండక్షరాలూ ఆమె వేళ్లకు తెలిసిపోయాయి.

రుక్కి పుట్టింది మానుకోట దిక్కు తండాలో. ఈ తండాకు కోడలై వచ్చి ముప్పై ఏళ్లయింది. భర్త రాంజీ చెల్పూర్ కరెంటు ప్లాంటులో కాంట్రాక్టు కూలీ, పదిహేను రోజులకోసారి వస్తాడు. ఉన్నది రోడ్డు పక్కన వానకు పండే ఎకరన్నర చెలక. యాభై దగ్గరపడ్డాక ఆమెకు చదువు మీద మనసు పుట్టింది. వంట దించి, తడి చేతులు కొంగుకు తుడుచుకుని, నాలుగో తరగతి వెనక వరుసలో కూర్చునేది. విజయ టీచర్ వద్దనలేదు, పలకకు బదులు ఒక నోటుబుక్కు ఇచ్చింది.

ఒకరోజు టీచర్ బోర్డు మీద 'దాత' అని రాసి, ఈ మాటతో సొంత వాక్యాలు రాయమంది. పిల్లలంతా కర్ణుడిని పట్టుకున్నారు. కర్ణుడు గొప్ప దాత, కర్ణుడు మంచి దాత. రుక్కి మాత్రం అరగంట కుస్తీపట్టి ఇట్లా రాసింది:

'దాత బల్ల ఇచ్చిండు. బల్ల మీద పండుకున్న ముసలాయనను లేపిండు.'

'దాత కుక్కర్ ఇచ్చిండు. కుక్కర్‌కు రబ్బర్ లేదు.'

'దాత పేరుల పప్పు ఇరికింది. నేను గీకిన.'

టీచర్ చదివి, నవ్వాపుకోలేక కిటికీ వైపు తిరిగింది. "తప్పున్నదా టీచరమ్మా?" అంది రుక్కి బెదురుగా.

"ఒక్కటి గూడ తప్పు లేదక్కా," అంది టీచర్.

ఆ ఏడే బడికి రెండో గది మంజూరైంది. జాగా చూపకపోతే గది వేరే ఊరికి పోతుందన్నారు. తండాలో అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పిల్లలు వానలో పళ్లేలు పట్టుకుని చూరు కింద నిలబడి తినడం రోజూ చూసేది రుక్కి ఒక్కతే. చెలకలో రోడ్డు పక్క, బడిని ఆనుకున్న రెండు గుంటల జాగా ఇస్తానంది. రాంజీకి ఫోన్ చేస్తే, "ఇచ్చినంక అడుగుతున్నవా, ఇచ్చేముందు అడుగుతున్నవా?" అన్నాడు. "ఇచ్చినంకనే" అంది. "అయితె మంచిదే" అని పెట్టేశాడు. గది లేచింది. కాయితం పని మాత్రం రేపు, మాపు అంటూ మిగిలిపోయింది.

సంజీవ పటేల్ అప్పుడు దిగాడు. ఒక పొద్దున తన ట్రాక్టరు పంపి ముందున్న మట్టి కాస్త చదును చేయించాడు. ఆయన చెమట పట్టని చేతికి అంతకన్నా పెద్ద పని లేదు. ఆపైన జనగామలో నల్లటి రాయి చెక్కించి, ప్రారంభానికి ముందురోజు ఆటోలో దింపించాడు. రుక్కి చుట్టిన పేపరు విప్పి, అక్షరం అక్షరం కూడబలుక్కుంది. 'స్థలదాత: శ్రీ సంజీవ పటేల్.'

అత్త సొమ్ము అల్లుడు దానం చేయడం విన్నదే. ఇక్కడ ఆయన అల్లుడూ కాడు.

ఆమెకు కోపం కన్నా ముందు భయమేసింది. అయిదేళ్ల కింద వాగు దగ్గర సర్కారు కట్టిన గొడ్ల తొట్టికి పటేల్ తన తండ్రి పేరుతో బండ పెట్టాడు. ఊరుకున్నారు. రెండో ఏడు తొట్టిని తన మామిడి తోటలో కలుపుకుని కంచె వేశాడు. అడగబోతే, "మా నాయిన పేరు బండ మీద లేదా? కండ్లు లేవా?" అన్నాడు. తండా గొడ్లు ఇప్పటికీ మైలు దూరం పోయి నీళ్లు తాగి వస్తున్నాయి. రేపు బడి గదీ అంతే. పిల్లలు మళ్లీ చూరు కిందికే.

తండా పెద్ద జైసింగ్ దగ్గరికి పోయింది. ఆయన అటూ ఇటూ చూసి, "పెద్దోళ్లతోని మనకెందుకు లొల్లి? పేరే గద, పోనియ్యి," అన్నాడు.

"పేరు వెనక కంచె వస్తది జైసింగన్నా," అంది రుక్కి.

తెల్లవారి పది గంటలకు షామియానా, మైకు, మండలాఫీసు నుంచి వచ్చిన సారు. పటేల్ తెల్లటి బట్టల్లో వచ్చి బండ మీది తెర లాగాడు. తానే ముందుగా చప్పట్లు కొట్టాడు, ఎవరూ మొదలుపెట్టరేమోనని. రుక్కి గంటె పక్కన పెట్టి ముందుకొచ్చింది.

"పటేలా, జర ఆగు. ఒక్క మాట."

"అన్నం సంగతి చూడు పో. మాటలు తర్వాత."

"అన్నం దిగింది. గీ జాగ నువ్విచ్చినవా?"

"ఏదో గౌరవానికి రాసిండ్రు తియ్యే. సదువు రానోళ్లకు గివన్ని ఎందుకు?"

"సదువొచ్చింది పటేలా. నీ పళ్లేలు తోమంగ తోమంగనే వచ్చింది."

ఆడవాళ్లు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు. పటేల్ మొహం మాడిన జొన్నరొట్టె అయింది.

"ఇచ్చినవంటే మంచిగాయె," అంది రుక్కి, గొంతు పెంచకుండానే. "సారు ఈడనే ఉన్నడు. రేపు ఆఫీసుకు పోదాం. నీ పట్టా పాస్‌బుక్కుల నుంచి రెండు గుంటలు బడి పేర రాసియ్యి. నా రెండు గుంటలు నాకు మిగులుతయి. పత్తి పెట్టుకుంట."

సారు పటేల్ వైపు తిరిగాడు. "ఈ జాగా మీ పట్టాలో ఉందా అండీ?"

అవునంటే చూపాలి. చూపాలంటే ఉండాలి. పటేల్ రుమాలు తీసి మెడ తుడుచుకున్నాడు. "నా పట్టాల అంటే... లేదు."

"మైకుల చెప్పు పటేలా. బండ అందరు సదువుతరు. మాట గూడ అందరు వినాలె."

పటేల్ మైకు అందుకున్నాడు. వేరే దారి లేదు. "జాగ రుక్కిది," అన్నాడు. అంతటితో ఊరుకుంటే ఆయన సంజీవ పటేల్ ఎట్లా అవుతాడు? "బండ మాత్రం నాది," అని చేర్చాడు.

"గంతే గదా మరి, బండ ఇచ్చిండు మారాజు!" అంది ముసలి బుచ్చి. షామియానా ఎగిరిపోయేట్టు నవ్వారు జనం. జనగామలో పెళ్లి ఉందని పటేల్ భోజనం చేయకుండానే కారెక్కాడు. ఆయన వంతు లడ్డూ కూడా మిగలలేదు.

రుక్కి ఇక రేపు, మాపు అననివ్వలేదు. నాలుగు రోజులకు విజయ టీచర్‌ను వెంటబెట్టుకుని పాస్‌బుక్కుతో ఆఫీసుకు పోయింది. రెండు గుంటలు బడి పేర ఎక్కించే కాయితం తయారైంది. కంప్యూటరు ముందున్న అతను కాయితం జరిపి వేలుతో చూపించాడు.

"ఇగో అవ్వా, 'దాత' అని ఉన్నకాడ సంతకం చెయ్యి."

రుక్కి పెన్ను ఆపింది. "గా మాట కొట్టెయ్యరాదు బిడ్డా? వేరేదేమన్న రాయి."

"వేరే మాట లేదవ్వా. ఇచ్చేటోళ్లను గట్లనే రాస్తరు."

"గట్లనా? మా దిక్కు గుంజుకునేటోళ్లను గట్ల రాస్తరు," అంది రుక్కి.

ఆ తర్వాత వంగి, నాలుక పళ్ల మధ్య పెట్టుకుని, తన పేరు పూర్తిగా రాసింది. నకలు టీచర్ చేతికిచ్చి, బీరువాలో పెట్టి తాళం వేయమంది. పదిన్నర బస్సు తప్పితే పిల్లల అన్నం ఆలస్యమవుతుందని, చెప్పులు చేతబట్టుకుని రోడ్డు వైపు ఉరికింది.