డెట్రాయిట్‌కి వేసిన మార్కులు

డెట్రాయిట్ శివార్లలోని నోవైలో పెద్ద మాల్ దుకాణాలు పొద్దున పది గంటలకి తెరుస్తారు. తలుపులు మాత్రం ఎనిమిదికే తీసి ఉంచుతారు. చలికాలంలో ఆ రెండు గంటలూ అక్కడ తెలుగు తండ్రుల రాజ్యం. బయట మోకాలి లోతు మంచు. లోపల మంకీ క్యాపులు, కోటు మీద కోటు, కొడుకో అల్లుడో కొనిపెట్టిన తెల్లటి బూట్లు. నాలుగు చుట్లు నడిచాక ఫుడ్ కోర్టు బల్లల దగ్గర కూలబడి, ఫ్లాస్కులో తెచ్చుకున్న కాఫీ తాగుతూ వాళ్ళు అమెరికాని పంచుకునేవారు.

ఎవరి పిల్లలు ఏ ఊళ్ళో ఉంటే ఆ ఊరు వాళ్ళ వాటా. కరెంటు ఆఫీసులో పనిచేసి రిటైరైన కేశవరావుగారికి పెద్దకొడుకు నోవైలోనూ చిన్నకొడుకు షాంటిలీలోనూ ఉన్నారు కాబట్టి ఆయన వాటాకి రెండు ఊళ్ళు వచ్చాయి. షాంటిలీ వాషింగ్టన్ పక్కనే గనక, అమెరికా అధ్యక్షుడు ఆయన చిన్నకొడుకుని అడక్కుండా సంతకం పెట్టడేమో అన్నంత ధీమాగా మాట్లాడేవాడు. న్యూయార్క్ వాటాదారు డబ్బు సంగతి ఎత్తేవాడు. లాస్ ఏంజెలిస్ తండ్రి ప్రపంచమంతా చూసే సినిమా ఎక్కడ పుడుతోందని అడిగేవాడు. చివరికి అందరూ పరంధామయ్య మాస్టారి వైపు తిరిగేవారు. తీర్పు ఆయనది.

పరంధామయ్య కందుకూరు హైస్కూల్లో ముప్పై నాలుగేళ్ళు భూగోళం చెప్పాడు. అప్పటికి మద్రాసు దాటి ఎక్కడికీ వెళ్ళలేదు గానీ, ఆయన నోటికి మాత్రం పాస్‌పోర్టు అక్కర్లేదు. ఎనిమిదో తరగతికి ఉత్తర అమెరికా పాఠం చెప్పే రోజున పక్క సెక్షన్ పిల్లలు కూడా కిటికీల దగ్గర మూగేవారు. పుస్తకంలో ఒక్క లైను ఉండేది: డెట్రాయిట్, మోటారు కార్ల పరిశ్రమ. దాన్ని ఆయన ముప్పావు గంట చేసేవాడు. పెనం మీంచి అట్లు తీసినట్టు అక్కడ నిమిషానికొక కారు తీస్తారనీ, ఫ్యాక్టరీ ఈ కొస నుంచి ఆ కొసకి పోవాలంటే లోపలే రైలెక్కాలనీ, సాయంత్రం డ్యూటీ దిగినప్పుడు అందరూ ఒక్కసారి హారన్ కొడితే నది అవతల కెనడాలో పాలు విరిగిపోతాయనీ చెప్పేవాడు. పాఠం అయ్యాక ఊళ్ళకి మార్కులు వేసేవాడు. న్యూయార్క్‌కి ఎనభై అయిదు. వాషింగ్టన్‌కి ఎనభై, ఎందుకంటే అక్కడ కాగితాలు తప్ప ఏమీ తయారు కావు. డెట్రాయిట్‌కి తొంభై.

ఒక ఏడు ముందు బెంచీలోంచి ఒక కుర్రాడు లేచి, "మీరు చూశారా మాస్టారూ?" అని అడిగాడు. తరగతి అంతా నవ్వింది. పరంధామయ్య సుద్దముక్క బల్ల మీద పెట్టి, గొంతు సవరించుకుని, "చూడకుండా చెప్తానుట్రా?" అన్నాడు. ఆ మాట అన్నాక పాఠం ఇంకా బాగా వచ్చింది.

ఆ బడిలో చదువుకున్న భానుప్రకాషే తర్వాత ఆయనకి అల్లుడయ్యాడు. కూతురు అనురాధని ఇచ్చి చేశాక కూడా భాను ఆయన్ని మావయ్యగారూ అని ఒక్కనాడూ పిలవలేదు. మాస్టారూ అనే అనేవాడు. ఈయనకీ ఇబ్బందే. చెవి మెలేసిన పిల్లాణ్ణి గారూ అనడానికి నోరు తిరగక, అబ్బాయ్ అని సరిపెట్టుకున్నాడు.

రెండు వేల ఆరులో భానుకి రెండు అవకాశాలు ఒకేసారి వచ్చాయి. ఒకటి అరిజోనాలో, ఫీనిక్స్ పక్కన చాండ్లర్ అనే ఊళ్ళో చిప్పులు చేసే కంపెనీ. రెండోది డెట్రాయిట్ పక్కన నోవైలో, కార్ల కంపెనీలకి విడిభాగాలూ సాఫ్ట్‌వేరూ అందించే సంస్థ. మాస్టారికి ఫోన్ చేశాడు. పరంధామయ్య ఊపిరి తీసుకునేంత సేపు కూడా ఆలోచించలేదు. చాండ్లర్ అనే ఊరు తన పుస్తకంలో లేదన్నాడు. డెట్రాయిట్ అంటే అమెరికాకి ఇంజను అన్నాడు. భాను నోవైకి వచ్చాడు. వాడి క్లాసులోనే వెనక బెంచీలో నిద్రపోయి భూగోళంలో ఎప్పుడూ ముప్పై అయిదు దాటని తేజేశ్వర్ చాండ్లర్ వెళ్ళాడు. రెండేళ్ళు తిరక్కుండా తేజేశ్వర్‌కి గ్రీన్‌కార్డు పని సగం దాటింది, ఇల్లు కొన్నాడు. భాను గ్రీన్‌కార్డు దరఖాస్తు మొదటి మెట్టు మీదే ఉంది.

రెండు వేల ఎనిమిది నవంబరులో పరంధామయ్య, భార్య నాగమల్లేశ్వరి నోవైలో దిగారు. విమానాశ్రయం నుంచి నేరుగా ఇంటికి వచ్చారు. డెట్రాయిట్ చూపించమని ఆయన వారానికొకసారి అడిగేవాడు. చలి తగ్గనీండి మాస్టారూ అని భాను మాట మార్చేవాడు. మాల్‌లో మాత్రం మాస్టారు తొంభై మార్కులు తగ్గించలేదు. టీవీలో కార్ల కంపెనీల పెద్దలు ప్రభుత్వం ముందు చెయ్యి చాస్తూ కనిపించినా, ఇంజనుకి కూడా అప్పుడప్పుడు నూనె పొయ్యాలి కదా అని సర్దిచెప్పాడు.

ఫిబ్రవరి మొదటి సోమవారం భాను మధ్యాహ్నమే ఇంటికి వచ్చాడు. చేతిలో అట్టపెట్టె. అందులో కాఫీ కప్పు, అనురాధ ఫోటో, ఒక చిన్న బొమ్మకారు ఉన్నాయి. వాడి విభాగం మూసేశారు. నెలాఖరు దాకా జీతం ఇస్తారు. వాడి హెచ్‌వన్ వీసా ఆ ఉద్యోగానికి కట్టి ఉంది. నెలాఖరులోగా ఇంకో కంపెనీ వాడి పేరున కాగితాలు పెట్టకపోతే ఈ దేశంలో ఉండే హక్కు పోతుంది, గ్రీన్‌కార్డు దరఖాస్తు చెత్తబుట్టలోకి పోతుంది. అనురాధ ఈ మాటలన్నీ తండ్రికి విడమరిచి చెప్పింది. ఆయన వింటూ ఆ బొమ్మకారు వైపే చూస్తూ కూర్చున్నాడు.

మూడు వారాలు భాను చెవి నుంచి ఫోన్ దిగలేదు. తేజేశ్వర్ తన కంపెనీలో ప్రయత్నించాడు గానీ అక్కడా కొత్తవాళ్ళని తీసుకోవడం ఆపేశారు. నెల చివరి బుధవారం పొద్దున మాత్రం రెండు కన్సల్టెన్సీల నుంచి ఒకదాని వెనక ఒకటి ఫోన్లు వచ్చాయి. భాను ముఖం మూడు వారాల్లో మొదటిసారి వెలిగింది. ల్యాప్‌టాప్ పట్టుకుని నేరుగా మాస్టారి దగ్గరికి వచ్చాడు.

"మాస్టారూ, టూ ఆప్షన్స్ ఉన్నాయి. ఒకటి న్యూయార్క్‌లో బ్యాంక్ ప్రాజెక్ట్. ఇంకోటి షాంటిలీ, వాషింగ్టన్ పక్కన. ఇద్దరూ ఈవెనింగ్ ఫైవ్‌కల్లా కన్ఫర్మ్ చేయమన్నారు. ఒకళ్ళకే ఎస్ చెప్పాలి. ఏది మంచిదంటారు?"

అనురాధ వంటింట్లోంచి ఏదో ఒకటి పంపించెయ్యమంది. భాను మాస్టారి ముఖమే చూస్తున్నాడు. చిన్నప్పటి నుంచీ ఆయన్ని అడక్కుండా ఏ గుమ్మమూ ఎక్కనివాడు.

క్రితంసారి ఊపిరి తీసుకోకుండా చెప్పి కొంప ముంచానన్న సంగతి పరంధామయ్యకి తెలుసు. ఈసారి తప్పు జరక్కూడదు. తనని లైబ్రరీలో దింపమన్నాడు.

నోవై లైబ్రరీలో ఆయన తెల్లకాగితం మీద అడ్డగీతలూ నిలువుగీతలూ కొట్టాడు. జనాభా, ఓడరేవు, ప్రభుత్వం, బ్యాంకులు, పత్రికలు, విశ్వవిద్యాలయాలు. ఒక్కో విషయానికి పది మార్కులు. లావుపాటి పుస్తకాలు తెచ్చి గుట్ట పోశాడు. దేశానికి తల ఏది, గుండె ఏది, పర్సు ఏది అని తర్కించుకున్నాడు. న్యూయార్క్‌లో బ్యాంకులే కూలుతున్నాయి కాబట్టి రెండు తగ్గించాడు. వాషింగ్టన్‌కి ఓడరేవు లేదని సున్నా వేసి, మళ్ళీ పాపం అనుకుని ఒకటి వేశాడు. మధ్యాహ్నం రెండున్నరకి కూడితే రెండు ఊళ్ళకీ నలభై మూడే వచ్చాయి. మొదటి నుంచీ మళ్ళీ మొదలుపెట్టాడు.

నాలుగింటికి భాను వచ్చి ఎదురుకుర్చీలో కూర్చున్నాడు. తొందరపెట్టలేదు. పరీక్ష పేపరు దిద్దుతున్న మాస్టారి ముందు చేతులు కట్టుకుని నిలబడ్డ పిల్లాడిలా, గోడ గడియారం వంక ఒకసారి, ఆయన పెన్సిలు వంక ఒకసారి చూశాడు. నాలుగూ నలభైకి, "మాస్టారూ" అన్నాడు. పరంధామయ్య చెయ్యి ఎత్తి ఆగమన్నాడు. ఇంకొక్క పుస్తకం అన్నాడు. అయిదూ పదికి పెన్సిలు కింద పెట్టి, అర మార్కు తేడాతో వాషింగ్టన్ అని చెప్పాడు.

కారు దాకా వెళ్ళకుండా లైబ్రరీ మెట్ల మీదే నిలబడి భాను షాంటిలీకి ఫోన్ చేశాడు. అయిదు గంటలకి ఇంకొకరు ఒప్పుకున్నారట. న్యూయార్క్ వాడు ఎత్తలేదు. మర్నాడు ఎత్తి, బ్యాంకు ఆ ప్రాజెక్టే ఆపేసిందని చెప్పాడు.

ఆ రాత్రి ఇంట్లో ఎవరూ గొంతు పెంచలేదు. అన్నం వడ్డిస్తూ అనురాధ ఒక్కసారి మాత్రం అంది. "నాన్నా, మీరు ఊళ్ళకి మార్కులు వేశారు. మాకు కావలసింది ఊరు కాదు. కాగితం పెట్టేవాడు."

"ఆయన్ని ఏమీ అనకు అనూ. నేనే కదా అడిగింది," అన్నాడు భాను. ఆ మాటతో పరంధామయ్య కంచంలో చెయ్యి కడిగేసుకుని లేచాడు. తిట్టి ఉంటే ఆయన కంచం ముందు ఇంకాసేపు కూర్చోగలిగేవాడు.

నెలాఖరు వచ్చింది. సోఫా ఒకరికి, మంచాలు ఇంకొకరికి పోయాయి. నలుగురికీ టికెట్లు తీశారు. కేశవరావుగారు చూడడానికి వచ్చి, తన చిన్నకొడుక్కి కూడా ఉద్యోగం ఊగిసలాటలో ఉందని గొణిగి వెళ్ళిపోయాడు. వాషింగ్టన్ ఊసెత్తలేదు.

బయలుదేరే ముందురోజు మధ్యాహ్నం భాను కారు తాళాలు తీసుకుని, "రండి మాస్టారూ, డెట్రాయిట్ చూద్దురు గాని," అన్నాడు.

ముప్పావు గంట ప్రయాణం. ఊరు దగ్గరపడే కొద్దీ మనుషులు పలచబడ్డారు. పైకప్పు కూలిన ఇళ్ళు, చెక్కలు కొట్టిన కిటికీలు, మంచు కప్పిన ఖాళీ స్థలాలు. ఒక వీధిలో మొత్తం రెండే ఇళ్ళు మిగిలి, మధ్యలో పళ్ళూడిన నోరులా ఉంది. చివరికి భాను కారు ఒక పెద్ద భవనం ఎదుట ఆపాడు. పాత రైల్వే స్టేషను. అన్ని అంతస్తుల కట్టడం పరంధామయ్య మద్రాసులో కూడా చూడలేదు. ఒక్క కిటికీకీ అద్దం లేదు. ఆ కన్నాల్లోంచి అవతలి ఆకాశం కనిపిస్తోంది. మంచు లోపలికే కురుస్తోంది.

భాను స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని, పాఠం అప్పజెప్పినట్టు, నిమిషానికొక కారు, పెనం మీంచి అట్టు తీసినట్టు అన్నాడు. రైలు, హారన్లు, కెనడా పాలు, ఒక్కటీ మరవలేదు. వెటకారం లేదు. అది ఉంటే బాగుండునని పరంధామయ్యకి అనిపించింది.

"ఎయిత్ క్లాస్‌లో నేను లేచి మిమ్మల్ని ఒకటి అడిగాను. గుర్తుందా మాస్టారూ?"

ముందు బెంచీ, నవ్విన తరగతి, బల్ల మీద పెట్టిన సుద్దముక్క. పరంధామయ్యకి అన్నీ గుర్తున్నాయి. లేచిన కుర్రాడి ముఖం ఒక్కటే ఇన్నేళ్ళూ గుర్తు రాలేదు. ఇప్పుడు వచ్చింది.

"చూశారా అని అడిగావు."

"చూశానన్నారు. అందుకే మిమ్మల్ని అడిగాను, మొన్న కూడా."

ముప్పై నాలుగేళ్ళు ఎన్నడూ తడుముకోని నోరు ఆయనది. దాన్ని తెరిచాడు. అద్దం మీద వైపర్లు అటూ ఇటూ రెండుసార్లు, మూడుసార్లు తిరిగాయి. నోరు మళ్ళీ మూసుకున్నాడు.

భాను కారు గేరులో వేశాడు. "సీట్ బెల్ట్ పెట్టుకోండి మాస్టారూ," అన్నాడు. ఆయన వేళ్ళకి ఆ బెల్టు ఎంతకీ పడకపోతే, తనే వంగి పెట్టాడు.