పత్తిలో దాచిన వైను సీసా

మొన్న గుంటూరులో ఒక స్నేహితుడింటికి భోజనానికి వెళితే, వాళ్ల కోడలు మంచినీళ్లు అడిగినంత మామూలుగా, బాబాయిగారూ, వైను తీసుకుంటారా, విస్కీయా, బీరా అని అడిగింది. నాకు పొలమారింది. నా ఈడువాళ్లకు ఎందుకో వేరే చెప్పక్కర్లేదు.

మద్యనిషేధం ఎత్తేసిన కొత్తలో, మా చెల్లెలి పెళ్లయ్యాక బావగారు మొదటిసారి మా ఊరు వస్తున్నారని కబురొచ్చింది. కాలేజీలో పాఠాలు చెప్పే మనిషి. కొత్తల్లుడికి ఉత్త కోడికూరతో సరిపెడితే పరువు పోతుందని నా స్నేహితులు నూరిపోశారు. మా నాన్నేమో కల్లుపాక గాలి సోకుతుందని చుట్టుదారిన పొలానికి వెళ్లే మనిషి. తెలిస్తే నన్ను ఇంట్లోంచి గెంటేస్తాడు. అయినా చిలకలూరిపేట వెళ్లాను. విస్కీ లారీ డ్రైవర్లదనీ, బీరు కుర్రకారుదనీ, చదువుకున్నవాళ్లు తాగేది వైనేననీ నాకు నేనే తీర్పు చెప్పుకున్నాను. అప్పటికి నేను రుచి చూసిన ఘాటైన పానీయం గోళీసోడా. బోర్డు మీద వైన్స్ అని బారెడు అక్షరాలతో రాసుకున్న కొట్టువాడు, వైను అడిగితే మాత్రం నన్ను ఎగాదిగా చూసి, పై అరలోంచి దుమ్ముకొట్టుకున్న సీసా ఒకటి తీసి తుడిచిచ్చాడు.

తెచ్చాను సరే, దాచేదెక్కడ? ఆ రోజుల్లో పత్తి తీతలయ్యాక మా ముందుగదిలో నడుమెత్తున పత్తే. వాసన చూద్దామని మూత తిప్పి, మళ్లీ పెట్టీపెట్టనట్టు పెట్టి, సీసాను మోచేతిదాకా ఆ పత్తిలోకి దూర్చాను. మర్నాడు పొద్దున్నే, ధర బాగుందని నాన్న పత్తి బేరం తెంపేసి కూలీలతో వచ్చాడు. నేను పళ్లు తోముకుని వచ్చేసరికి గది సగం ఖాళీ. వాకిట్లో పత్తిని బోరాల్లో కూరి, ఒక మనిషి లోపలికి దిగి తొక్కుతున్నాడు. ఆ గోనె మీద ఎర్రటి మరక పాకింది. పాపం వాడి కాలు తెగిందని మా అమ్మ పసుపుడబ్బాతో పరుగెత్తుకొచ్చింది. చూస్తే గాయం లేదు. నాన్న తడిసిన పత్తి తీసి వాసన చూశాడు.

సరిగ్గా అప్పుడే చెల్లెలూ బావగారూ ఆటో దిగారు.

"ఎవడ్రా ఇది తెచ్చింది?" అని నాన్న వీధంతా వినబడేలా అరిచాడు. బావగారు నా మొహం ఒకసారి చూసి, చేతిలో సంచి కింద పెట్టారు.

"నేనే తెమ్మన్నానండి, మామయ్యగారూ."

కొత్తల్లుణ్ణి ఎవరు కోప్పడతారు? "దానికేముందండీ, ముందే చెబితే నేనే తెప్పించేవాణ్ణి కదా" అని నాన్న నీళ్లు నమిలాడు.

బావగారు జన్మలో చుక్క ముట్టలేదని, ఆ మధ్యాహ్నం చెల్లెలు నన్ను పెరట్లో నిలబెట్టి తిట్టాక తెలిసింది. అప్పటికే చెయ్యి దాటిపోయింది. అల్లుడి మర్యాదకు లోటు రాకూడదని, ఆయన వచ్చినప్పుడల్లా నాన్న తలగుడ్డ మొహం మీదికి లాక్కుని తానే వెళ్లి వైను కొనుక్కొచ్చేవాడు. బావగారు ఆముదం తాగినట్టు కళ్లు మూసుకుని ఒక గ్లాసు మింగేవారు. నిజం చెప్పేద్దామని నేను లేచినప్పుడల్లా కూర్చోమని కనుసైగ చేసేవారు. పదేళ్లు ఇలాగే గడిచాయి. నేను సిగ్గులేకుండా కూర్చుంటూనే ఉన్నాను.

నాన్న దినకర్మ రోజు బావగారు నా పక్కన కూర్చుని, ఇక తాగడం మానేస్తున్నాను బావగారూ, అన్నారు. నవ్వబోతే ఏడుపొచ్చింది.

ఇప్పుడు ఎవరికి కావలసింది వాళ్లు అడిగి పోయించుకుంటున్నారు, దాపరికాల్లేవు, మంచిదే. ఇంకొకడి పరువు కోసం తాగాల్సిన అవసరం ఎవరికీ లేదు. అలాంటి తాగుబోతు మా ఇంటికి మళ్లీ రాలేదు.