కంచానికి అడ్డం పెట్టిన చెయ్యి

తొంభైల చివర్లో ఒక మధ్యాహ్నం, విజయవాడలో ఎండోస్కోపీ రిపోర్టు కవరు తీసుకుని కొండపల్లి బస్సెక్కాను. నార్మల్ అని ఉంది. కడుపులో మంట మాత్రం అలాగే ఉంది. పక్కసీట్లో బురఖా వేసుకున్న పెద్దావిడ ఒళ్లోనూ అలాంటి కవరే.

“ఏమొచ్చిందండీ?” అంది.

“ఏమీ లేదంటండీ.”

“నాకిది రెండోసారండీ. పుండు లేదని రాశారుగాని మంట లేదని రాయలేదుగా! మావాళ్ళు వింటేనా? మొదటి రిపోర్టు బాగుందని ఆ పూటే ఆవకాయ వడ్డించారు. మొహమాటపడి తిన్నాను.”

ఇబ్రహీంపట్నంలో దిగబోతూ, కంచానికి అడ్డం పెట్టినట్టు అరచెయ్యి చాచి చూపించింది. “మీరిలా అనండి.”

ఇంట్లో రిపోర్టు చూడగానే మా ఆవిడ దేవుడికి దణ్ణం పెట్టి, ఆవకాయ జాడీ దించింది. నేను కంచానికి చెయ్యి అడ్డం పెట్టాను.

“ఏమీ లేదన్నారుగా!” అంది.

చెయ్యి తియ్యలేదు.