తొక్కి పట్టిన కాలు

సిద్దయ్య నాలుగో తరగతిలో బడి మానేసి, నాయిన మగ్గం పక్కన కండెలు చుట్టడానికి కూర్చున్నాడు. నూలు కండెలు అందించే పని నుంచి, తానే గుంటలోకి కాళ్లు దించి నేసే పనికి వచ్చేసరికి మూతి మీద మీసం వచ్చింది. ఇప్పుడా మీసం నెరిసింది, మోకాళ్లు అరిగాయి. కట్టంగూర్ దాటినాక వచ్చే ఆ ఊళ్లో అదే ఇల్లు, అదే గుంట మగ్గం, షావుకారు ఇచ్చిన నూలు నేసి కూలి తెచ్చుకునే అదే బతుకు.

కరోనా వచ్చి నల్గొండలో కాలేజీ మూసేశాక, బిడ్డ హారిక క్లాసు ఫోన్లోకి వచ్చింది. ఇంట్లో సిగ్నల్ దొరికేది మగ్గం పక్క కిటికీ దగ్గర మాత్రమే. క్లాసు పొద్దుట పూట. నేతకూ అదే మంచి వేళ, ఎండ ముదిరితే మగ్గం మీద పొడుగ్గా సాచిన పడుగు పోగులు ఆరి తెగిపోతాయి. ఆ ఒక్క కిటికీ కిందే ఇద్దరూ సర్దుకున్నారు. హారిక మాట్లాడే ముందు చెయ్యెత్తుతుంది, సిద్దయ్య మగ్గం ఆపుతాడు.

కిందటిసారి వైవాలో, అంటే నోటితో అడిగే పరీక్షలో, సిగ్నల్ పోయి ఆమెకు గైర్హాజరు పడింది. మళ్లీ ఇవాళ పెట్టారు. ఇది కూడా పోతే ఏడాది పోయినట్టే.

"పోతే పోయింది బాపూ. కండెలు చుట్టుకుంట కూసుంట," అంది హారిక జడ వేసుకుంటూ.

"కండెలకు మీ అమ్మ లేదా?"

"ఆ, నన్ను గందుకే కన్నరు," అంది సుగుణమ్మ పొయ్యి దగ్గర నుంచి.

సిద్దయ్య నవ్వలేదు. "ఇయ్యాల మగ్గం మొత్తమే ఆపుత తియ్," అన్నాడు.

"వద్దు. అందర్నడిగి నాదాకా వచ్చేసరికి ఎండ నెత్తికెక్కుతది. నేను చెయ్యెత్తినప్పుడు ఆపు, సాలు."

తన వంతు వచ్చి హారిక చెయ్యెత్తేసరికి సిద్దయ్య కుడికాలు మగ్గం తొక్కుడు చెక్క మీద పూర్తిగా దిగి ఉంది. కాలు తీస్తే చెక్క దబ్బుమని చప్పుడు చేస్తూ లేస్తుంది. మొన్నొకరోజు ఫోన్ క్లాసులో ఎవరి ఇంట్లోనో బర్రె అరిస్తే, "ముందు దాని సంగతి చూసుకొని రా" అని, ఇవాళ వైవా అడుగుతున్న ఈ నరహరి సారే ఇంకో పేరు పిలిచాడట. హారిక నవ్వుతూ చెప్పిన ఆ మాట సిద్దయ్యకు గుర్తుంది. కాలు అట్లాగే తొక్కి పట్టాడు.

ఒక్క ప్రశ్నే కదా అనుకున్నాడు. బిడ్డ బాగా చెప్తుంటే సార్ ఇంకోటి అడిగాడు, దాని మీద మరోటి. పిక్క పట్టేసింది. తొడ వణుకుతుంటే రెండు చేతులతో అదిమి పట్టుకున్నాడు. గడపలోకి వచ్చిన సుగుణమ్మ నోరు తెరవబోతే, కళ్లతోనే వద్దన్నాడు.

చివరికి కాలే ఓడిపోయింది. చెక్క దబ్బుమంది.

"ఏంటమ్మా ఆ చప్పుడు?" అన్నాడు సార్.

"మగ్గం సార్. మా బాపు నేస్తడు."

"ఇంతసేపు వినపడలేదు కదా?"

"ఆపిండు సార్."

మళ్లీ సిగ్నల్ పోయిందేమోనని సిద్దయ్య ఫోన్ వైపు వంగాడు.

"నేసుకోమను. మంచిగ చెప్పినవు, మార్కులేసిన. తర్వాత డేవిడ్," అన్నాడు సార్.

గుంటలోంచి లేవబోతే కాలు రాలేదు. తల్లీబిడ్డలు చెరో రెక్క పట్టి పైకి లాగారు.

"పరీక్ష దానికా, నీకా?" అంటూ సుగుణమ్మ పిక్కకు నూనె రాసింది. తర్వాత బట్ట వైపు చూసి, "గీత వడ్డది," అంది.

పోగులు అంతసేపు బిగుసుకొని ఉన్నచోట, ఈ అంచు నుంచి ఆ అంచుకు సన్నటి చార పడింది. ఇట్లా ఇస్తే షావుకారు తీసుకోడు. సిద్దయ్య సూది తీసుకుని, ఆ చార పోయేదాకా, పొద్దుట నేసిన పోగులు ఒక్కొక్కటే వెనక్కి లాగడం మొదలుపెట్టాడు. కిటికీలోంచి ఎండ అప్పటికే పడుగు మీదికి వచ్చింది.

హారిక కండెల బుట్ట దగ్గరికి జరిగింది. "నేను చుట్టనా బాపూ?"

"ముట్టకు," అన్నాడు తలెత్తకుండానే. "రేపు క్లాసు ఎన్నింటికో చెప్పు."