జేబులో చక్రం నట్టు

ఈ రోజు సెమిలిగుడలో కార్ల రేసు. నాకు రేసు పిచ్చని, మెకానిక్ అయిన మా బావ నన్ను కార్లు రెడీ చేసే చోటికి తీసుకెళ్ళేడు. ఎర్రకారు వెనకచక్రం బిగిస్తూ, "ఇది పట్టుకోరా" అని ఓ నట్టు నా చేతిలో పెట్టేడు. మురిసిపోయి జేబులో వేసుకున్నాను.

కార్లు బయల్దేరేక జేబులో చెయ్యి పెడితే నట్టు అక్కడే ఉంది! బావేమో ట్రాక్ అవతలున్నాడు. డ్రైవరుకేటైనా అయితే పాపం నాదే. పది రౌండ్లూ ఆ చక్రాన్నే చూసేను. ఎవడు గెలిచేడో కూడా తెలీదు.

కారు ఆగగానే పరిగెత్తేను. "బావా, నట్టు నా దగ్గరే ఉండిపోనాది!"

"అది అరిగిపోయిన పాతదిరా. కొత్తది అప్పుడే బిగించీసేను."

హమ్మయ్య!

కారు నట్లన్నీ బిగుతే. మరి బుర్రలో నట్టు లూజు నాకా, ముందే సెప్పని మా బావకా? మీరే సెప్పండి.